కొండ మీద ఐస్ ఎక్కడ పెడుతున్నారు?

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో కొండదారి పరుగు పందేలు నిర్వహించే సంఘాలకు, వాటికి అనుమతులిచ్చే అటవీ, పోలీసు, వైద్య ఆరోగ్య శాఖల అధికారులకు,

నమస్కారం.

శేషాచలం అంచుల్లో, నగరి కొండల్లో 30, 40, 50 కిలోమీటర్ల పందేలు పెట్టాలన్న ఉత్సాహం చూస్తే మాకు సంతోషంగా ఉంది. ఈ కొండల్లో పరిగెత్తేవాళ్లం, నీళ్ల పాయింట్ల దగ్గర నిలబడేవాళ్లం, పడిపోయినవాళ్లను మోసేవాళ్లం, వైద్య శిబిరాల్లో పనిచేసేవాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. పందేలు వద్దని రాయడం లేదు. పోస్టరు మీద ఎండను ‘సవాలు’ అని పెద్దక్షరాలతో వేసి, ఏర్పాట్ల కాగితంలో దాని గురించి ఒక్క ముక్క కూడా రాయకపోవడం వద్దంటున్నాం. దారిలో ఎన్ని మీటర్ల ఎక్కుడు ఉందో లెక్క చూసుకున్నట్టే ఎండకూ లెక్క చూడాలి. దానికి కావలసిన మనుషుల్ని, నీళ్లను, వడదెబ్బ తగిలినవాళ్లను చల్లబరిచే ఐస్‌ను ముందే కొండ మీద పెట్టాలి. అది కుదరకపోతే దూరం తగ్గించాలి, లేదా తేదీ మార్చాలి. మేం అడిగేది ఇంతే.

ముందు గడియారం లెక్క చూద్దాం. మే నెలలో మన దగ్గర ఆరుకు కాస్త ముందే పొద్దు పొడుస్తుంది, ఐదున్నరకే వెలుగు వస్తుంది. అంతకు ముందు చీకట్లో అడవిలోకి జనాన్ని వదలడం కుదరదు, కుదరకూడదు కూడా. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఆరేళ్ల పాప బలైన సంగతి ఈ జిల్లాలో ఎవరూ మరవలేదు. అంటే ఐదున్నరకు మొదలుపెడితే, ఎండ ముదిరే తొమ్మిదిలోపు దొరికేది మూడున్నర గంటలు. కొండదారి సమయానికి 1892లో స్కాట్లండ్ పర్వతారోహకుడు నేస్మిత్ చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: ఐదు కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. అది నడిచేవాళ్ల లెక్క. పందెంలో ముందుండేవాళ్లు అందులో సగంలోనే వచ్చేస్తారు. కానీ ఏర్పాట్లు చేయాల్సింది చివర వచ్చేవాళ్లను దృష్టిలో పెట్టుకుని. వాళ్లు ఈ లెక్కకు అటూ ఇటూగానే ఉంటారు. 12 కిలోమీటర్లు, 600 మీటర్ల ఎక్కుడు అంటే దాదాపు మూడున్నర గంటలు. 50 కిలోమీటర్లు, 2,500 మీటర్ల ఎక్కుడు అంటే 14 గంటలు. ఐదున్నరకు బయల్దేరిన మనిషి రాత్రి ఏడున్నరకు దిగుతాడు, మధ్యలో కత్తెర ఎండంతా నెత్తిన మోసుకుని.

అందుకే మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం. మార్చి మధ్య నుంచి వానలు పడేదాకా ఈ కొండల్లో 12 కిలోమీటర్లు మించిన పందెం పెట్టకండి. 50 కిలోమీటర్ల పందేనికి డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి మొదటి సగం దాకా మంచి కాలం. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలుంటాయి. వంకలు పొంగుతాయి, బండలు జారతాయి. 2021 నవంబరు వానలకు ఘాట్ రోడ్డు మీద చరియలు ఎలా విరిగిపడ్డాయో చూశాం కదా. అయితే జనవరిలో పెట్టినంత మాత్రాన కింద రాసినవి అక్కర్లేదని కాదు. కష్టపడి ఎక్కేవాడికి జనవరి మధ్యాహ్నం కూడా వడదెబ్బ తగలొచ్చు. ఎందుకో చెబుతాం.

కొండ ఎక్కే మనిషి ఒంట్లో పుట్టే శక్తిలో ఎక్కువ భాగం వేడిగానే బయటికి రావాలి. గట్టిగా ఎక్కే 65 కిలోల మనిషిలో ఆ వేడి సుమారు 700 వాట్లు, అంటే ఇంట్లో చిన్న ఇస్త్రీపెట్టె పుట్టించేంత. గాలి, బండ రెండూ ఒంటికన్నా వేడిగా ఉన్నప్పుడు ఆ వేడి పోవడానికి చెమట ఒక్కటే దారి. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలో కేలరీల వేడి పోతుంది. లెక్క వేస్తే 700 వాట్ల వేడికి గంటకు లీటరు చెమట ఆవిరి కావాలి. ఇక్కడ అసలు మాట ‘ఆవిరి కావాలి’ అన్నదే. మోచేతి నుంచి బొట్లు బొట్లుగా కారిపోయిన చెమట ఒంటిని చల్లబరచదు. గాలిలో తేమ ఎక్కువైతే కారేది ఎక్కువ, ఆరేది తక్కువ. రోడ్డు మీద గంటకు 12 కిలోమీటర్లు పరిగెత్తేవాడికి ఆ వేగమే గాలి తెచ్చిపెడుతుంది. నిటారు ఎక్కుడులో గంటకు మూడు నాలుగు కిలోమీటర్లే పోతాడు; శ్రమ అంతే, గాలి మాత్రం సున్నా. దానికి తోడు శేషాచలం క్వార్ట్‌జైట్ బండలు పొద్దుటి నుంచి తాగిన ఎండను పక్కల నుంచి కక్కుతుంటాయి. కాబట్టి ఈ పందేల్లో ప్రమాదమైన చోటు ముగింపు గీత కాదు. పొడవాటి ఎక్కుడు పైభాగంలోని చివరి అరకిలోమీటరు. మీ మ్యాపులో ఆ చోట్లకు ఎర్ర చుక్క పెట్టండి. మనుషులు, ఐస్ ఉండాల్సింది అక్కడే.

మెట్లదారి అలవాటున్నవాళ్లకు ఒక అపోహ ఉంటుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచి 2,388 మెట్లు రోజూ ఎక్కేవాళ్లకు కొండ ఒక లెక్కా అని. కాళ్ల బలం విషయంలో ఆ మాట నిజమే. కానీ అలిపిరి దారికి పైకప్పు ఉంది, కుళాయిలున్నాయి, కూర్చోవడానికి నీడ ఉంది, పడిపోతే పట్టుకోవడానికి వెనక వందమంది భక్తులున్నారు. బోదగడ్డి, ముళ్లపొదల మధ్య బండదారిలో ఇవేవీ ఉండవు. ఇంకో మాట: మెట్లదారిని పందెంలో కలపకండి. అది మొక్కు తీర్చుకునేవాళ్ల దారి. మోకాళ్ల మీద ఎక్కేవాళ్ల పక్కన బిబ్ (ఛాతీ మీది పందెం నంబరు) కట్టుకుని దూసుకుపోవడం సబబు కాదు.

‘మనకు ఎండ కొత్తా?’ అనే వాదన కూడా వింటుంటాం. ఎండకు ఒళ్లు అలవాటు పడటం నిజమే, కానీ దానికి పద్ధతి ఉంది. వరుసగా 10 నుంచి 14 రోజులు, రోజుకు గంట నుంచి గంటన్నర ఎండలో శ్రమ పడితే రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట ముందుగా పడుతుంది, చెమటలో ఉప్పు తగ్గుతుంది. మానేస్తే మూడు నాలుగు వారాల్లో ఆ లాభం చాలావరకు పోతుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి చల్లగా పరిగెత్తి, పగలంతా ఏసీలో కూర్చునే మనిషికి తిరుపతిలో పుట్టినందువల్ల పదిగంటల ఎండ అలవాటైపోదు. దరఖాస్తు ఫారంలో ‘ఎన్ని కిలోమీటర్లు పరిగెత్తారు’ అని అడుగుతున్నారు. ‘గత నెలలో ఎండలో ఎన్ని రోజులు సాధన చేశారు’ అని కూడా అడగండి. గత వారంలో జ్వరం, విరేచనాలు వచ్చాయా, అలర్జీ మాత్రలు, నీరు పోయే మాత్రలు, రక్తపోటు మాత్రలు వాడుతున్నారా అని కూడా. వీటిలో కొన్ని చెమట తగ్గిస్తాయి, కొన్ని ఒంట్లో నీరు తగ్గిస్తాయి. వారంలోపు జ్వరమొచ్చిన మనిషిని ఆ రోజు బయల్దేరనివ్వకూడదు, అతనెంత పేరున్న పరుగువీరుడైనా సరే.

ఇక కొలత సంగతి. ఫోనులో కనిపించే ఉష్ణోగ్రత నీడలోని గాలి వేడి మాత్రమే. అందులో తేమ లేదు, ఎండ లేదు, బండ లేదు. పందేలకు కావలసింది వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్ అనే లెక్క. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపేదాన్ని 0.7తో, నల్లగోళంలోని థర్మామీటరు చూపేదాన్ని 0.2తో, మామూలు థర్మామీటరు చూపేదాన్ని 0.1తో హెచ్చించి మూడూ కూడాలి. చేతిలో పట్టుకునే మీటర్లు ఈ లెక్కను తామే చేసి చూపిస్తాయి. ఉదాహరణకు పొద్దున ఆరింటికి తడి 25, గోళం 29, గాలి 28 ఉంటే మొత్తం 26.1. తొమ్మిదింటికి తడి 27, గోళం 46, గాలి 34 అయితే మొత్తం 31.5. గాలి వేడి ఆరు డిగ్రీలే పెరిగినా, తడిగుడ్డ రెండు డిగ్రీలే కదిలినా, ఎండ పడ్డ గోళం లెక్కను ఎక్కడికో తీసుకుపోయింది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ దూర పరుగులకు 28 దాటితే పందెం ఆపమనో వాయిదా వేయమనో చాలా కాలంగా చెబుతోంది. ఎండకు బాగా అలవాటుపడ్డవాళ్ల కోసం దాన్ని కొంచెం సడలించవచ్చనుకున్నా, మా సూచన ఇది: 28 దాటితే అందరినీ తక్కువ దూరంలో తిరిగొచ్చే చిన్న చుట్టుకు మళ్లించండి, 30 దాటితే ఆపేయండి. మీటరు ఆరంభం దగ్గర ఒకటి, పెద్ద ఎక్కుడు మొదట్లో ఒకటి, పైన ఒకటి ఉండాలి. అరగంటకోసారి చూసి, రాసి, వైర్‌లెస్‌లో చెప్పాలి. ఆపే అధికారం ఒక్క మనిషికి, అదీ వైద్యుడికి ఇచ్చి, ఆ మాట పందెం ముందురోజే రాతపూర్వకంగా అందరికీ పంచండి. ఆ రోజు పొద్దున వేదిక మీద స్పాన్సర్లు, అతిథులు ఉన్నప్పుడు కొత్తగా నిర్ణయం తీసుకోవాలంటే ఎవరికీ నోరు రాదు.

ఆపడం కుదరాలంటే దారి దానికి తగ్గట్టు ఉండాలి. ఒకచోట మొదలై కొండ అవతల ఇంకోచోట ముగిసే దారి పేరుకు గొప్పగా ఉంటుంది కానీ, మధ్యలో ఆపితే జనం అడవిలో చిక్కుకుపోతారు. ఒకే మైదానం నుంచి బయల్దేరి మళ్లీ అక్కడికే వచ్చే రెండు మూడు చుట్లుగా దారి వేయండి. 36 కిలోమీటర్లు కావాలంటే పన్నెండేసి చొప్పున మూడు చుట్లు. మొదటి చుట్టు ఎక్కువ ఎక్కుడుతో, పొద్దున్నే నీడ ఉండే పడమటి వాలు మీద. చివరిది తక్కువ ఎక్కుడుతో, చెట్లున్న లోయలో. ఇలా వేస్తే ప్రతి చుట్టుకూ మనిషిని చూడొచ్చు, బరువు తూయొచ్చు, అవసరమైతే అక్కడే కూర్చోబెట్టొచ్చు. నీళ్లు, ఐస్ మోసే ఖర్చు కూడా తగ్గుతుంది. ఒక చుట్టుతో ఆపేసిన పందేనికి కూడా పతకం ఇవ్వండి, సమయం నమోదు చేయండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ప్రాణం కాపాడేది ఇదే. పూర్తి దూరానికే పతకం అంటే తల తిరుగుతున్నా చెప్పకుండా దాచుకుని పరిగెత్తేవాళ్లను మనమే తయారుచేసినట్టు.

నీళ్ల పాయింట్లను కిలోమీటర్ల లెక్కన పెట్టకండి, సమయం లెక్కన పెట్టండి. రోడ్డు మీద ఐదు కిలోమీటర్లు అరగంట. నిటారు బండల్లో అదే ఐదు కిలోమీటర్లకు రెండు గంటలు పట్టొచ్చు. ఎండలో నెమ్మదిగా వచ్చేవాళ్లకు కూడా ఒక పాయింటు నుంచి ఇంకో పాయింటుకు గంట మించకూడదు. ప్రతి ఒక్కరి దగ్గరా లీటరున్నర నీళ్లు పట్టే సంచో సీసానో ఉండాలి. ఖాళీగా బయల్దేరేవాళ్లను ఆపేయాలి. ఎంత నీరు కావాలో లెక్క చూద్దాం. 150 మంది, ఏడు గంటలు, గంటకు తాగడానికి 700 మిల్లీలీటర్లు అంటే మనిషికి ఐదు లీటర్లు. తలమీద, మెడమీద పోసుకోవడానికి ఇంకో మూడు. ఒలికేది, గిన్నె కడిగేది కలిపి తొమ్మిది అనుకుంటే 1,350 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు 68. వీటిని పాయింట్లకు సమానంగా పంచితే తప్పు. చివరి పాయింట్లలో జనం ఎక్కువసేపు ఉంటారు, ఎండ ఎక్కువ, తాగేది ఎక్కువ. ముందు వచ్చేవాళ్లు సీసాలకు సీసాలు నెత్తిన పోసుకుంటే వెనకవాళ్లకు మిగలదు. 2007 అక్టోబరులో షికాగో మారథాన్ ఎండకు మధ్యలోనే ఆగిపోయిన రోజు వెనక వచ్చిన చాలామందికి పాయింట్లలో నీళ్లు దొరకలేదు. అది మహానగరపు రోడ్డు. లారీ పంపి తెప్పించుకోవచ్చు. మన కొండ మీదికి క్యాను నెత్తిన పెట్టుకునే ఎక్కాలి. అందుకని ప్రతి పాయింటులో మూడో వంతు క్యాన్లకు గుడ్డ కప్పి, చివరి యాభై మంది వచ్చేదాకా తెరవకండి. పోసుకునే నీళ్లకు వేరే నీలం డ్రమ్ము, దానికో మగ్గు. మోసే పనికి పక్క ఊళ్ల వాళ్లను పెట్టుకోండి, మంచి కూలి ఇవ్వండి. దారి వాళ్లకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. అరటిపండ్ల గెల బయట పెట్టారంటే కోతులు వచ్చి మొత్తం చెల్లాచెదురు చేస్తాయి. మూతున్న డబ్బాలు తప్పనిసరి.

ఓఆర్ఎస్ కలపడంలో జరిగే పొరపాటు ఒకటుంది. 20.5 గ్రాముల పొట్లం లీటరు నీళ్లకు. దాన్ని అర లీటరు సీసాలో కలిపిస్తే చిక్కబడి, కడుపులో నీరు పీల్చుకోవడం ఆలస్యమై, వాంతి అవుతుంది. ఒక 20 లీటర్ల క్యానుకు 20 పొట్లాలు. క్యాను మీద కలిపిన సమయం రాయండి. డబ్ల్యూహెచ్ఓ సూత్రం ప్రకారం ఉన్నవే కొనండి, పండ్ల రసం పేర్లతో వచ్చే తీపి పెట్టెలు కాదు. కొబ్బరినీళ్లు మంచివే కానీ అందులో పొటాషియం ఎక్కువ, ఉప్పులో ఉండే సోడియం తక్కువ. చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం. కొబ్బరినీళ్లు ఇస్తే పక్కన ఉప్పు చల్లిన ఉడకబెట్టిన ఆలుగడ్డ ముక్కలు పెట్టండి. లీటరు మజ్జిగకు అర చెంచా ఉప్పు బాగుంటుంది, కానీ అది ముగింపు దగ్గర. కొండ మీద తొమ్మిది దాటితే పులిసిపోతుంది. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం చాలు: అరటిపండు, వేరుశనగ చిక్కీ, రెండు ముద్దల పులిహోర. పులిహోరలో నూనె తగ్గించమని వంటమనిషికి ముందే చెప్పండి.

‘ఎంత తాగితే అంత మంచిది’ అని మైకులో చెప్పడం ఆపేయండి. దాహమైనప్పుడు తాగమనండి. 2002లో బోస్టన్ మారథాన్ పూర్తిచేసిన 488 మంది రక్తం చూస్తే 13 శాతం మందిలో సోడియం మామూలు కన్నా తక్కువగా ఉంది. అది బాగా పడిపోతే మెదడు వాస్తుంది. పరుగులో బరువు పెరిగినవాళ్లలో, అంటే పోయినదానికన్నా ఎక్కువ తాగినవాళ్లలో, ఆ ముప్పు బాగా ఎక్కువ. నాలుగు గంటలు దాటి వచ్చినవాళ్లలో కూడా. మన కొండ పందెంలో దాదాపు అందరూ నాలుగు గంటలు దాటేవాళ్లే. లక్షణాలు తికమక పెడతాయి: తలనొప్పి, వాంతి, మాట తడబాటు, వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం. వడదెబ్బలోనూ మాట తడబడుతుంది. రెంటినీ విడదీసేవి మూడు: థర్మామీటరు, బరువుతూనిక, సోడియం చూసే చిన్న యంత్రం. ప్రతి చుట్టుకూ బరువు చూడమనడం ఇందుకే. బయల్దేరినప్పటికన్నా బరువు పెరిగితే నీళ్లు ఆపి, ఉప్పుగా ఉన్నది పెట్టాలి. మన దగ్గర నీరసించిన ప్రతివాడికీ సెలైన్ ఎక్కించడం ఒక అలవాటు. సోడియం పడిపోయినవాడికి మామూలు సెలైన్ సీసా ఎక్కిస్తే మెదడు వాపు ఇంకా పెరగొచ్చు. అతనికి కావలసింది 3 శాతం సెలైన్, 100 మిల్లీలీటర్లు, పది నిమిషాల వ్యవధితో అవసరాన్ని బట్టి మూడుసార్ల దాకా, వైద్యుడి చేతుల మీదుగా. అది శిబిరంలో ఉందో లేదో ముందురోజే చూసుకోండి. సోడియం తెలియకుండా తికమకగా ఉన్న మనిషికి ఏ సీసా తగిలించకూడదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు పాయింట్లలో పంచొద్దు. ఎండకు, శ్రమకు నలిగిన మూత్రపిండాల మీద అది ఇంకో దెబ్బ. మూత్రం కోలా రంగులో వస్తోందని ఎవరన్నా చెబితే వెంటనే ఆసుపత్రికి.

ఇప్పుడు ఈ లేఖలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. పరుగులో తగిలే వడదెబ్బలో చెమట ఆగిపోతుందని చాలామంది వాలంటీర్లకు నేర్పుతున్నారు. అది ఇంట్లో పడుకున్న ముసలివాళ్ల వడదెబ్బ. పరిగెత్తేవాడి ఒళ్లు చాలాసార్లు చెమటతో తడిసే ఉంటుంది. చూడాల్సింది బుర్ర. ఎక్కుడు పైన నిలబడ్డ వాలంటీరు ప్రతి ఒక్కరినీ రెండు ప్రశ్నలు అడగాలి: ‘మీ బిబ్ నంబరెంత? వచ్చే పాయింటు ఏది?’ జవాబు తప్పినా, ఆలస్యమైనా, అకారణంగా కోప్పడినా, నడక తూలినా, ఎండలో చలేస్తోందన్నా అక్కడే కూర్చోబెట్టాలి. మలద్వారంలో పెట్టే సన్నటి తీగ థర్మామీటరుతో చూడాలి. నుదుటికి చూపే తుపాకీ, చంకలో, నోట్లో పెట్టే థర్మామీటర్లు ఇక్కడ తప్పు చెబుతాయి. తడిసిన చర్మం 37 అంటుంది, లోపల 41.5 ఉంటుంది. 40 దాటి, బుర్ర తికమకగా ఉంటే అది వడదెబ్బే. ఆ క్షణం నుంచి ఒకే సూత్రం: ముందు చల్లబరచు, తర్వాత తరలించు. 108కు ఫోన్ చేయండి, కానీ దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి. అంబులెన్సు కొండ కిందిదాకే వస్తుంది. కొండ మీది నుంచి స్ట్రెచర్ మీద దింపడానికి ఆరుగురు మోయాలి, ఇంకో ఆరుగురు మార్చుకోవాలి. నిటారు బండల్లో ఒక కిలోమీటరుకే గంట దాకా పట్టొచ్చు. ఆ గంటలో లోపలి వేడి 41 పైన ఉంటే కాలేయం, మూత్రపిండాలు, మెదడు దెబ్బతింటాయి. అరగంటలో 39కి దింపితే మనిషి దక్కుతాడు. అమెరికాలో ఎండాకాలం జరిగే ఫాల్మౌత్ రోడ్ రేసులో 18 ఏళ్లలో 274 మందికి వడదెబ్బ తగిలితే, వాళ్లను ఐస్ నీళ్ల తొట్టెలో ముంచి చల్లబరిచారు; ఒక్కరూ చనిపోలేదు.

మైదానంలోనైతే 150 లీటర్లు పట్టే తొట్టె, అందులో 40, 50 కిలోల ఐస్. కొండ మీదికి తొట్టె ఎక్కదు. అక్కడ టార్పాలిన్ చాలు. పట్టను నేల మీద పరచండి, రాళ్లు ముందే ఏరేయండి. మనిషిని మధ్యలో పడుకోబెట్టి బూట్లు, చొక్కా, సంచి తీసేయండి. నలుగురు నాలుగు మూలలు ఎత్తిపట్టుకుంటే పట్ట తొట్టెలా అవుతుంది. ఒకరు తల వైపు కూర్చుని చంకల కింద చేతులు పెట్టి ముఖం నీళ్లలోకి పోకుండా పట్టుకోవాలి. ఈ మనిషి ఇంకే పనీ చేయకూడదు. ఐదారు క్యాన్ల నీళ్లు, ఒక పెట్టె ఐస్ పోయండి. పట్టను అటూ ఇటూ ఊపుతూ ఉండాలి. నీరు కదలకపోతే ఒంటి పక్కనే వెచ్చటి పొర ఏర్పడి చల్లదనం లోపలికి పోదు. కదులుతుంటే తొట్టెలోనైతే ఐదు నిమిషాలకు దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది, 41.5 నుంచి 39కి రావడానికి పన్నెండు, పదమూడు నిమిషాలు; పట్టలో ఇంకాస్త ఎక్కువసేపు పట్టొచ్చు. 39 చూపగానే తీసేయాలి, లేకపోతే మరీ చల్లబడిపోతాడు. థర్మామీటరు పనిచేయకపోతే 10 నుంచి 15 నిమిషాలు ముంచి దింపండి. ఐస్ అయిపోతే మామూలు నీళ్లయినా పోస్తూ అట్టముక్కలతో విసరండి. ఏమీ చేయకపోవడం కన్నా వంద రెట్లు మేలు. చంకల్లో రెండు ఐస్ ముక్కలు పెట్టి ఊరుకోవడం చాలదు. పారాసిటమాల్ దీనికి పనిచేయదు. తికమకగా ఉన్నవాడి నోట్లో నీళ్లు పోయకండి.

దీనికి కావలసిన సరుకు పెద్దదేం కాదు. ప్రతి పెద్ద ఎక్కుడు పైన ఒక టార్పాలిన్, ఎప్పుడూ ముట్టని ఆరు క్యాన్లు, రెండు థర్మోకోల్ పెట్టెల ఐస్, రెండు థర్మామీటర్లు, పది తువ్వాళ్లు. ఐస్‌ను తెల్లవారుజామున మూడింటికే ఫ్యాక్టరీ నుంచి తెచ్చి, గోనెపట్టా చుట్టి, పెట్టె మూతకు టేపు వేయండి. ‘వైద్యానికి మాత్రమే’ అని రాయండి, లేకపోతే ఎనిమిదింటికే అది శీతల పానీయాల సీసాల్లోకి పోతుంది. పందేనికి ముందు వారం పది నిమిషాల రిహార్సల్ చేయించండి, ఒక వాలంటీరునే పట్టలో పడుకోబెట్టి. మొదటిసారి మూలలు పట్టుకున్నవాళ్లకు వంద లీటర్ల బరువు ఎంతో తెలియక పట్ట జారిపోతుంది.

ముగింపు గీత దాటాక కూలబడేవాళ్లు చాలామంది ఉంటారు. అందులో ఎక్కువమందిది వడదెబ్బ కాదు. హఠాత్తుగా ఆగడంతో రక్తం కాళ్లలో నిలిచి తల తిరుగుతుంది. కాళ్లు ఎత్తి పడుకోబెడితే కాసేపట్లో లేస్తారు. గీత దాటాక కూడా యాభై అడుగులు నడిచేలా దారి కట్టండి, ఫోటోల మూల గీత దగ్గర పెట్టకండి. గీతకు ముందు, దారిలో పడిపోయినవాడి విషయంలో మాత్రం వడదెబ్బే అనుకుని మొదలుపెట్టాలి.

మనుషుల లెక్క గురించి ఇంగ్లండు కొండ పరుగుల వాళ్ల దగ్గర ఒక గట్టి నియమం ఉంది: మధ్యలో మానేసినవాడు ఇంటికి పోయే ముందు నిర్వాహకులకు చెప్పి తీరాలి. చెప్పకుండా బస్సెక్కి పోయిన ఒక్క మనిషి కోసం రాత్రంతా వందమంది అడవిలో వెతుకుతారు. ప్రతి పాయింటులో ఇద్దరు: ఒకరు నంబరు చదవాలి, ఒకరు ముందే 1 నుంచి 150 దాకా గళ్లు గీసిన కాగితంలో సమయం రాయాలి. అందరికంటే వెనక వచ్చే ఇద్దరు దాటగానే ఖాళీ గళ్లు చూసి వైర్‌లెస్‌లో చెప్పాలి. కోనల్లో ఫోను సిగ్నలు ఉండదు. శిఖరం మీద మాటను అందుకుని అవతలికి చేరవేసే ఒక రిలే మనిషి లేకుండా వాకీటాకీ కూడా లోయ నుంచి లోయకు మాట్లాడదు.

అటవీ శాఖ వారికి రెండు మాటలు. ఎండాకాలం బోదగడ్డి ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది; పాయింట్లలో స్టవ్వు, అగరుబత్తి, టపాకాయ ఏదీ లేకుండా షరతు రాయండి. ఎర్రచందనం గాలింపు దళాలకు దారి, సమయం, చొక్కా రంగు ముందే తెలియాలి. కొండచరియల కింద పెద్ద తేనెపట్లున్న చోట్లను మీ బీట్ సిబ్బంది చూపిస్తే దారిని పక్కకు జరపొచ్చు. తేనెటీగలు లేస్తే నిటారు బండల్లో పరిగెత్తడానికి చోటుండదు.

అనుమతి ఇచ్చే కాగితంలో ఐదు ప్రశ్నలు చేర్చమని అధికారులను కోరుతున్నాం. చివరి మనిషి ఎన్ని గంటలకు దిగుతాడు? ఏ కొలత దగ్గర పందెం ఆపుతారు, ఎవరు ఆపుతారు? కొండ మీద ఐస్ ఏ ఏ చోట్ల, ఎన్ని కిలోలు? మోయడానికి ఎంతమంది, వాళ్ల పేర్లేమిటి? రుయా, స్విమ్స్ లాంటి పెద్దాసుపత్రిలో ఆ రోజు డ్యూటీలో ఉండే వైద్యులకు 3 శాతం సెలైన్ సంగతి, రాబోయే రోగుల సంగతి ముందే చెప్పారా? వీటికి జవాబు లేని దరఖాస్తును వెనక్కి పంపండి.

నిర్వాహకులారా, ఐస్, మీటర్లు, కూలి కలిపితే ఖర్చు పెరుగుతుందని మాకు తెలుసు. టీషర్టు నాణ్యత తగ్గించండి, వేదిక చిన్నది చేయండి, ఫీజు కొంచెం పెంచండి. ఎందుకు పెంచారో రాస్తే పరిగెత్తేవాళ్లు అర్థం చేసుకుంటారు. టార్పాలిన్ రిహార్సల్ నేర్పడానికి, ఎక్కుడు పైన నిలబడటానికి, స్ట్రెచర్ మోయడానికి మాలో మనుషులున్నారు, కూలి అడగం. దారి మ్యాపు, ఎత్తుల లెక్క, పాయింట్ల పట్టిక పందేనికి నెల ముందు మా చేతికిస్తే చాలు, ఒక ఆదివారం మీతో కలిసి ఆ దారంతా నడిచి ఎర్ర చుక్కలు ఎక్కడెక్కడ పెట్టాలో చూపిస్తాం.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు కొండదారుల్లో పరిగెత్తేవాళ్లం, నీళ్లు పోసేవాళ్లం, మోసేవాళ్లం